మళ్లీ రాయాలా? ముందు ఈ లెక్క చూద్దాం

(తీజ్ పండుగ సందర్భంగా మన సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



  పాటలు, ఆటలు అయ్యాక మమ్మల్ని మాట్లాడమన్నారు. మా మాటల్లో కాసిన్ని లెక్కలు ఉంటాయి కాబట్టి పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి.

ముందుగా మేమెవరమో చెప్పాలి. మేం నలుగురం. పక్కపక్క తండాల వాళ్లం. మాట్లాడేది ఒకరే అయినా, ఈ ప్రసంగం నలుగురం కూర్చుని రాసుకున్నది. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకరు ఆడపిల్లల హాస్టల్లో. నలుగురం ఒకే ఏడాది గేట్ రాశాం. నలుగురికీ అనుకున్న మార్కులు రాలేదు. ఫలితాలు వచ్చిన రాత్రి గదిలో ఎవరూ లైటు వేయలేదు. ఇంటికి ఫోన్ చేయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ తర్వాత నలుగురం నాలుగు దారుల్లో పోయాం. ఇద్దరం మళ్లీ రాశాం, ఇద్దరం రాయలేదు. రాసినవారిలో ఒకరిది మంచి నిర్ణయం, ఒకరిది కాదు. ఎవరు ఎవరో ఇక్కడ చెప్పం. చెబితే మీరు మనుషులను గుర్తు పెట్టుకుని విషయం మరిచిపోతారు.

ఈ మాట ఇవాళే ఎందుకంటే, గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర్లో తెరుచుకుంటాయి. అంటే తీజ్ పండుగ అయిపోయిన కొద్ది రోజులకే. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో. ఈ మార్చిలో మార్కులు తక్కువొచ్చిన పిల్లలు మన సంఘం గ్రూపులో మమ్మల్ని అడుగుతున్నది ఒకటే: "అన్నా, మళ్లీ రాయాలా?" "అక్కా, వచ్చిన సీటు వదిలేయనా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన జవాబునే ఇవాళ అందరికీ కలిపి చెబుతున్నాం.

మొదట, వచ్చిన స్కోరు ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలి. గేట్ వంద మార్కుల పరీక్ష. మూడు గంటలు, 65 ప్రశ్నలు. స్కోర్ కార్డు మీద మూడు అంకెలు ఉంటాయి. వందకు వచ్చిన మార్కులు ఒకటి, వెయ్యికి లెక్కగట్టిన గేట్ స్కోరు ఒకటి, దేశం మొత్తంలో ర్యాంకు ఒకటి. మనవాళ్లు చాలామంది ర్యాంకు చూసి కుంగిపోతారు. సీటు ఇచ్చే చోట ఎక్కువగా చూసేది స్కోరు.

అర్హత మార్కు కూడా ఒక్కటే కాదు. జనరల్ వారికి 30 మార్కులు కటాఫ్ అయిన పేపర్లో ఓబీసీ వారికి 27, ఎస్సీ, ఎస్టీలకు 20. అంటే మూడింట రెండొంతులు. స్కోరు లెక్కగట్టేటప్పుడు మాత్రం జనరల్ కటాఫ్ దగ్గర 350 పెడతారు. అందుకే మన కటాఫ్ దాటి, జనరల్ కటాఫ్ కంటే కింద ఉన్నవారికి 350 కన్నా తక్కువ స్కోరు పడుతుంది. 350 లోపు వస్తే ఫెయిలని మాలో ఒకడు రెండు వారాలు అనుకున్నాడు. కార్డులో అర్హత మార్కుల గడి చూస్తే అతడు పాసయ్యాడు.

ఇంకో ముఖ్యమైన మాట. గేట్ స్కోరు ఫలితం వచ్చిన రోజు నుంచి మూడేళ్లు చెల్లుతుంది. మళ్లీ రాసినంత మాత్రాన పాతది చెరిగిపోదు. ఎన్నిసార్లు రాయాలనే హద్దు లేదు, వయసు హద్దు లేదు. ఇది అన్ని పరీక్షలకూ వర్తించదు. క్యాట్ స్కోరు ఒక ఏడాదికే. మన రాష్ట్రాల ఐసెట్ ర్యాంకు ఆ ఏటి ప్రవేశాలకే. గేట్ ద్వారా ఉద్యోగాలు ఇచ్చే ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఎక్కువగా ఆ ఏడాది స్కోరునే అడుగుతాయి. కాబట్టి ఏ పరీక్ష రాశామో, దేనికోసం రాశామో చూసుకుని లెక్క వేయాలి.

ఇప్పుడు మా నలుగురి సంగతి.

మొదటి వ్యక్తి. ఈయనకు 24 మార్కులు వచ్చాయి. ఫిబ్రవరిలోనే మన జవాబుల పత్రం, అధికారిక కీ రెండూ వెబ్‌సైట్‌లో పెడతారు. అందరం ఒకసారి చూసి మూసేశాం. ఈయన మాత్రం ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో ప్రతి ప్రశ్న పక్కన కారణం రాశాడు. తెలియక తప్పా, తెలిసి లెక్కలో తప్పా, ఊహించి గీసిందా అని. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాడు. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నల్లో ఒక మార్కువి పన్నెండు తప్పు. రెండు మార్కులవి తొమ్మిది తప్పు. ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండొంతులు కోత. పన్నెండుకు నాలుగు, తొమ్మిదికి ఆరు. మొత్తం పది మార్కులు తన చేత్తో తానే కోసుకున్నాడు. వాటిలో సగానికి పైగా ఊహించి గీసినవే.

ఇంకా చూస్తే, జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులుంటే ఈయనకు నాలుగు. అంకె టైపు చేసే ప్రశ్నలకు కోత ఉండదు. అయినా తెలియదని ఐదు ఖాళీగా వదిలాడు. తెలియని చోట గీశాడు, కోత లేని చోట వదిలాడు.

ఈయన మళ్లీ రాశాడు. కోచింగ్‌కు పోలేదు. పగలు సైట్ ఇంజినీరు పని, పొద్దున రెండు గంటలు చదువు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాత ప్రశ్నపత్రాలు గేట్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. కొత్త సబ్జెక్టుల జోలికి పోకుండా రోజూ ఆప్టిట్యూడ్, గణితం, పాత పేపర్లు చేశాడు. తెలియనిది గీయకుండా వదిలేయడం నేర్చుకోవడానికే మూడు నెలలు పట్టిందని చెబుతాడు. రెండోసారి 41 మార్కులు. ఈయన మళ్లీ రాయడం సరైన పని. ఎందుకంటే మార్కులు ఎక్కడ పోయాయో కాగితం మీద ఉంది, వచ్చే ఏడు ఏం మారుతుందో కూడా అదే కాగితం మీద ఉంది.

రెండో వ్యక్తి. ఈయన సంగతి చెప్పడం మాకు కష్టం. ఈయనకు మన కటాఫ్ కంటే ఎక్కువ, జనరల్ కటాఫ్ కంటే తక్కువ వచ్చాయి. సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో ఒక ఎన్ఐటీలో సీటు వచ్చింది. ఆ వారంలోనే తరగతిలో ఒకడు నవ్వుతూ అన్నాడు: "మీ కటాఫ్ వేరు కదరా, మీకేం." అంతే. ఈయన సీటు వదిలేశాడు. జనరల్ కటాఫ్ దాటి చూపిస్తానని మళ్లీ రాయడానికి కూర్చున్నాడు.

ఆ ఏడాది గది అద్దె, మెస్, కోచింగ్ కలిపి లక్షా ముప్ఫై వేలు అయింది. బాపు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు రెండు వేల ఆరు వందలు వడ్డీయే. ఇంకో లెక్క కూడా ఉంది. గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు ఇస్తారు, 24 నెలల పాటు. ఏడాదికి లక్షా నలభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. అంటే ఈయన ఒకవైపు అప్పు చేశాడు, ఇంకోవైపు చేతికొచ్చే డబ్బు వదులుకున్నాడు. చదివిన పద్ధతి మాత్రం పాతదే. జవాబుల పత్రం తెరిచి చూడలేదు. చూస్తే ఆ నవ్వు గుర్తొచ్చేదట.

రెండోసారి మార్కులు ఇంకా తగ్గాయి.

అప్పుడు ఇంటికొచ్చి బాపుకు మొత్తం చెప్పాడు. మొదటి ఏడాది సీటొచ్చిన సంగతి కూడా అప్పుడే చెప్పాడు. బాపుకు స్కోరు అర్థం కాలేదు, కటాఫ్ అర్థం కాలేదు. మన మాటలో ఒకటే అడిగాడు: "అయితే పోయినేడు నిన్ను రానిచ్చారా, లేదా?"

"రానిచ్చారు బాపూ."

"మరి ఎందుకు పోలేదు?"

ఈ ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా ఇప్పటికీ జవాబు లేదు. అదృష్టం ఏమిటంటే, మొదటి స్కోరు ఇంకా చెల్లుతుంది. ఆ పాత స్కోరుతోనే మళ్లీ కౌన్సెలింగ్‌కు పోయి ఇంకో ఎన్ఐటీలో చేరాడు. ఏడాది పోయింది, అప్పు మిగిలింది, సీటు దక్కింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ చోట కాసేపు ఆగుదాం. "మీ కటాఫ్ వేరు" అన్న మాట మీలో చాలామంది విని ఉంటారు. దానికి మేం ఆలస్యంగా నేర్చుకున్న జవాబు ఇది. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు చట్టప్రకారం ఉన్నవి, ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. మన తండాలో పదో తరగతి దాటడానికి బస్సు లేని దారి నడిచినవారం మనం. ఆ సీటులో కూర్చున్నాక ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, ల్యాబు ఒకటే, థీసిస్ ఒకటే. లోపల వేరే కటాఫ్ ఉండదు. ఎవడో నవ్వాడని మన సీటు ఖాళీ చేస్తే వాడికి పోయేదేం లేదు. మన ఇంట్లో ఒక ఏడాది పోతుంది.

జనరల్ కటాఫ్ దాటాలనుకోవడం తప్పు కాదు. దాటండి, మాకు సంతోషమే. సీటులో చేరి కూడా గేట్ మళ్లీ రాయవచ్చు. పౌరుషం కోసం చేతిలో ఉన్నది పారేయకండి.

మూడో వ్యక్తి మా చెల్లెలు. ఈమెకు ఐఐటీ కావాలి. స్కోరు సరిపోలేదు. ఎన్ఐటీలో కోరుకున్న బ్రాంచి రాలేదు. అందరం మళ్లీ రాయమన్నాం. ఈమె ఒక కాగితం మీద రెండు గడులు గీసింది. ఒక గడిలో "మళ్లీ రాస్తే ఏం మారుతుంది" అని రాసుకుని కింద చాలాసేపు ఏమీ రాయలేకపోయింది. ఇంట్లో యాడికి ఆరోగ్యం బాగాలేదు, తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు. చదవడానికి నిరుటి కంటే సమయం తక్కువే దొరుకుతుంది తప్ప ఎక్కువ దొరకదు. రెండో గడిలో "ఈ స్కోరుతో ఇప్పుడు ఏం దొరుకుతుంది" అని రాసి వెతికింది. మన రాష్ట్రాల్లో ఎంటెక్ సీట్లకు పీజీఈసెట్ వారికంటే ముందు గేట్ అర్హత ఉన్నవారిని పిలుస్తారని తెలిసింది. మాలో మిగతా ముగ్గురికీ ఆ సంగతి తెలియదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కోరుకున్న బ్రాంచిలో సీటు వచ్చింది. ఉపకార వేతనం ఒక్కోసారి నెలలు ఆలస్యంగా పడేది, పడ్డప్పుడు కలిపి పడేది. అందులోంచే తమ్ముడి ఫీజు కట్టింది. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతోంది. ఐఐటీ మీద ఆశ ఉండేదా అని మొన్న అడిగితే, "ఉండేది, ఇప్పటికీ కాస్త ఉంది" అంది. నిర్ణయం సరైనదైతే బాధ మొత్తం పోతుందని మేం చెప్పం. బాధ కొంత ఉంటుంది. బతుకు ముందుకు పోతుంది.

నాలుగో వ్యక్తి. ఈయన మార్కులు అందరికంటే తక్కువ. మొదటి పెద్దమనిషి లాగే జవాబుల పత్రం ముందేసుకున్నాడు. చూస్తూ చూస్తూ ఒక సంగతి గమనించాడు. ఏ ప్రశ్న తప్పు పోయినా అతనికి ఎందుకు తప్పో తెలుసుకోవాలనిపించలేదు. ఆయనకు ఎంటెక్ మీద ఇష్టమే లేదు. గదిలో అందరూ రాస్తున్నారని రాశాడు. "నేను రాయను" అని చెప్పడానికి మా అందరికంటే ఆయనకే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. ఇప్పుడు మండల కేంద్రంలో సోలార్ పంపుసెట్లు బిగించే పని చేస్తున్నాడు. ఇద్దరు తండా పిల్లలకు పని నేర్పుతున్నాడు. వానాకాలంలో ఫోన్ చేస్తే ఎత్తడు, అంత పని.

నాలుగు కథలూ విన్నారు. ఇప్పుడు కాగితం తీయండి. నాలుగు ప్రశ్నలు రాసుకోండి.

ఒకటి, ఈ స్కోరుతో ఇప్పుడు నన్ను ఎక్కడ రానిస్తారు? ఇది మా బాపు అడిగిన ప్రశ్నే. సీసీఎంటీ వెబ్‌సైట్‌లో గత ఏళ్లలో ఏ సంస్థలో, ఏ బ్రాంచిలో, ఏ వర్గానికి ఏ స్కోరు దగ్గర సీటు ఆగిందో ఉంటుంది. ఎస్టీ వరుస చూడండి, జనరల్ వరుస చూసి భయపడకండి. ఐఐటీల ఆఫర్లు కోఆప్ ద్వారా వస్తాయి. రాష్ట్ర పీజీఈసెట్ కౌన్సెలింగ్ కొన్నేళ్లలో ఆగస్టు దాకా సాగుతుంది, కాబట్టి ఇప్పటికైనా ఒకసారి చూడండి.

రెండు, మార్కులు ఎక్కడ పోయాయి? "సరిగా చదవలేదు" అన్నది జవాబు కాదు. ఎన్ని తెలియక పోయాయి, ఎన్ని తొందరలో పోయాయి, ఎన్ని ఊహించి పోయాయి, కోతలో ఎంత పోయింది, అంకెల్లో రాయాలి.

మూడు, వచ్చే ఏడు ఏం మారుతుంది? తీజ్ బుట్ట సంగతి మన ఆడపిల్లలకు తెలుసు. పోయినేడు మొలక పలచగా వస్తే ఈ ఏడు ఊరికే ఎక్కువ నీళ్లు పోయరు. పుట్టమన్ను మారుస్తారు, ఎరువు చూస్తారు, గోధుమలు ఎంచుతారు. "ఈసారి బాగా కష్టపడతాను" అన్నది ఎక్కువ నీళ్లు పోయడం లాంటిది. సమయం, పద్ధతి, చదివే చోటు, పాత పేపర్ల అభ్యాసం, వీటిలో ఏది మారుతుందో పేరు పెట్టి రాయండి. ఈ గడి ఖాళీగా ఉంటే మళ్లీ రాయకండి. నిండితే ధైర్యంగా రాయండి.

నాలుగు, ఈ చదువు నాకు కావాలా, నలుగురి ముందు చెప్పుకోవడానికి కావాలా? ఈ జవాబు ఎవరికీ చూపించనక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు.

మళ్లీ రాయాలని తేలితే చిన్న జాగ్రత్తలు. ఎస్టీలకు, ఆడపిల్లలకు దరఖాస్తు రుసుము సగమే. ఎస్టీ ధ్రువపత్రం దరఖాస్తుతోనే పెట్టాలి. మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు పేర్లతోనే. పదో తరగతి మెమోలో బానోత్, ధ్రువపత్రంలో బానోతు, ఆధార్‌లో ఇంటిపేరే ఉండదు. ఆఖరి రోజు దాకా ఆగితే మీసేవ చుట్టూ తిరగాలి. ఇవాళే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. స్కోర్ కార్డు కూడా ఫలితాలు రాగానే దింపుకుని రెండుచోట్ల దాచుకోండి. 2025లో మే 31 దాకా ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత 500 రూపాయలు తీసుకున్నారు. పని చేసుకుంటూ రాయగలిగితే అలాగే రాయండి. అప్పు తెచ్చి రాయాల్సి వస్తే ఆ అప్పు ఎంత, వడ్డీ ఎంత, తీర్చేది ఎవరు అన్నది ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడండి.

ఆఖరి మాట ఇంటి గురించే. మేం నలుగురం చేసిన ఒకే తప్పు, ఇంట్లో చెప్పకపోవడం. యాడికి, బాపుకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకున్నాం. వారికి కటాఫ్ తెలియకపోవచ్చు. వాన రాక చేను ఎండిన ఏడాది, మళ్లీ విత్తాలా, కూలికి పోవాలా అని రాత్రంతా కూర్చుని తేల్చుకున్నవారు వాళ్లు. చేతిలో ఎంత ఉంది, భూమిలో తడి ఎంత ఉంది, ఇంకా ఎన్ని రోజులున్నాయి అని చూసుకుని తేల్చారు. మనం అడుగుతున్నదీ ఆ లెక్కే. ఫలితం వచ్చిన రోజే వారికి చెప్పండి. నాలుగు రోజులు లైటు వేయకుండా కూర్చోకండి.

ఈ వారంలో కాగితం నింపిన ఎవరైనా సంఘం గ్రూపులో మాకు రాయండి. మార్కులు ఎన్నయినా ఫరవాలేదు. మేం నలుగురం కలిసి చూస్తాం. మా మొదటి పెద్దమనిషి ఎర్ర పెన్ను కూడా తెస్తానన్నాడు.

రామ్ రామ్. జై సేవాలాల్.